కొట్టంలో కాటా: పాడి ఆవుల మేత కొలత డైరీ

బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మా బావ కొట్టంలో నాలుగు పాడి ఆవులున్నాయి. ఒక్కో ఆవు రోజుకి నిజంగా ఎంత మేత తింటుందో విడివిడిగా, తేమ తీసేసి లెక్కగట్టడం ఈ ప్రాజెక్టు పని. నా ఉద్యోగమంతా పశుపోషణ పరిశోధనలోనే గడిచింది. అక్కడ ఒక్కో ఆవుకి విడి గది, సిమెంటు నేల, పేడ ఎత్తి తూచడానికి రాత్రింబవళ్ళు మనుషులు ఉండేవాళ్ళు. విదేశాల్లో అయితే ఆవు మెడలోని ట్యాగ్‌ని గుర్తుపట్టి దానికే తెరుచుకునే మేత తలుపులు కూడా వాడతారు. ఇక్కడ ఉన్నది రేకుల కొట్టం, పొడుగాటి సిమెంటు తొట్టి, ఒక మనిషి.

ఇదే పని మీ కొట్టంలో చేసుకునేవాళ్ళకి పనికొస్తుందని కొలతలు, ఖర్చులు, పాడైపోయినవి, వాటి బదులు పెట్టినవి వరసగా రాస్తున్నా.

దశ 1: ఆవుల బరువు

ఆవుని ఎక్కించి తూచే కాటా ఊళ్ళో ఎక్కడా లేదు. టైలర్ టేపుతో ఛాతీ చుట్టుకొలత, ఒంటి పొడుగు తీసి షాఫర్ సూత్రం వాడాం.

1. పొద్దున నీళ్ళు పెట్టకముందే కొలవాలి. ఆవు చదునైన నేల మీద నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి నిలబడాలి.
2. ముందు కాళ్ళ వెనకగా టేపు చుట్టి చుట్టుకొలత అంగుళాల్లో రాసుకోవాలి.
3. భుజం కొస నుంచి పిరుదు ఎముక కొస దాకా పొడుగు తీసుకోవాలి.
4. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడుగుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది.

కర్రి, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం: చుట్టుకొలత 70, పొడుగు 58, బరువు 431 కిలోలు.
చుక్క, హెచ్‌ఎఫ్ సంకరం: 68, 57, బరువు 399.
పుల్ల, జెర్సీ సంకరం: 63, 54, బరువు 325.
బోడి, జెర్సీ సంకరం: 61, 52, బరువు 293.

చుట్టుకొలత సూత్రంలో రెండు సార్లు వస్తుంది కాబట్టి అక్కడ ఒక్క అంగుళం తేడా పడితే కర్రి బరువు 12 కిలోలు మారిపోతుంది. టేపు బిగించి లాగడం, వదులుగా పట్టుకోవడం మనిషిని బట్టి మారుతుంది. అందుకే ఎప్పుడూ ఒక్కరే కొలవాలి. మూడు సార్లు తీసి మధ్య అంకె రాసుకోండి.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 30, టేపు.

దశ 2: తొట్టి

నాలుగు ఆవులకీ ఒకటే తొట్టి ఉంటే ఏ కాటా తెచ్చినా దండగే. కర్రి తనది అయిపోగొట్టకుండానే పక్కనున్న బోడి వాటా మీద పడుతుంది. బోడికి కొమ్ముల్లేవు, పక్కకి తప్పుకుంటుంది. బావ ఇన్నాళ్ళూ "బోడి మేత తక్కువ" అనుకుంటున్నాడు. దాని మేతలో కొంత కర్రి కడుపులోకి పోతున్నట్టు విడదీశాక తెలిసింది.

మొదట తొట్టిలో చెక్క పలకలు అడ్డం పెట్టాం. కర్రి మెడతో నెట్టింది, రెండు ఊడాయి. తరువాత 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కొని అడ్డంగా కోయించి నాలుగు గుండ్రటి తొట్లు చేశాం. నెల్లూరు ఇనుప కొట్లో యాంగిల్ తెచ్చి, బుచ్చిలో వెల్డింగ్ చేయించి, ఒక్కో తొట్టికి ఒక చట్రం. చట్రాల మధ్య నిలువుగా కడప బండ.

అప్పుడు కొత్త తలనొప్పి మొదలైంది. ఆవులు గడ్డిని మూతితో ఎత్తి వీపు మీదకి విసిరేస్తున్నాయి. తొట్టి కింద, వెనక, గుంజ చుట్టూ గడ్డే. అదంతా తిన్నట్టు లెక్కలోకి వస్తే ఆ రోజు కొలత చెత్తబుట్టకే. కారణం చూస్తే తప్పు ఆవుది కాదు. దాణా అడుగున పోసి పైన గడ్డి కప్పడం ఆ ఇంటి అలవాటు. గడ్డి కూడా తింటుందని వాళ్ళ ఉద్దేశం. ఆవుకి అడుగున ఉన్న తవుడు వాసన తెలుసు, పైనున్నది విసిరి అక్కడికి దిగుతుంది.

మార్చినవి:

1. దాణా విడిగా, పాలు పిండేటప్పుడు బకెట్లో. తొట్టిలోకి దాణా గింజ కూడా పోదు.
2. పలుపు పొడుగు తగ్గించాం. తల తన తొట్టికి అందాలి, పక్క తొట్టికి అందకూడదు, పడుకోడానికి ఇబ్బంది ఉండకూడదు.
3. తొట్టి ముందు మెడ ఎత్తున అడ్డ పైపు. తల పైకెత్తి విసరడానికి ఇది అడ్డు.
4. వరిగడ్డి, నేపియర్ అనే పచ్చిమేత రెండూ చాఫ్ కట్టర్‌లో రెండు, మూడు సెంటీమీటర్ల ముక్కలుగా.
5. తొట్టి కింద యూరియా బస్తాలు కుట్టిన పట్టా. పడింది ఏరి మిగులులో కలిపి తూచడం.

డ్రమ్ములు 2,400, యాంగిల్, వెల్డింగ్ 5,200, బండలు, పైపు 2,100. ఇప్పటివరకు ఖర్చు: రూ. 9,730.

దశ 3: కాటా

వడ్లు అమ్మేటప్పుడు పుట్టికి 850 కిలోలని గ్రాము తేడా రానివ్వని ఊరు ఇది. గడ్డి దగ్గరికొచ్చేసరికి "రెండు మోపులు", "ఒక గంప" లెక్క. బావ వేసే గంపలు వరసగా తూచాం. వేసింది ఒకే మనిషి, గంప ఒకటే. ఒక గంప 4.1 కిలోలుంటే ఇంకోటి 6.3.

"ఏంది బావా, ఆవుకి కూడా తూకమేసి పెట్టాల్నా?" అన్నాడు గానీ ఆ రెండు అంకెలు చూశాక గంప తనే తెచ్చి కొక్కేనికి తగిలించడం మొదలుపెట్టాడు.

50 కిలోల వేలాడే డిజిటల్ కాటా రూ. 1,450. నిజానికి చాలామందికి ఇది చాలు. పొద్దున వేసింది తూచండి, మర్నాడు పొద్దున మిగిలింది తూచండి. నాకు రోజు మొత్తంతో పాటు ఆవు ఏ వేళ తింటుందో కూడా కావాలి కాబట్టి తొట్టి కిందే లోడ్ సెల్ (బరువు పసిగట్టే సెన్సర్) పెట్టడానికి దిగాను. ఆ అవసరం లేనివాళ్ళు దశ 4కి వెళ్ళిపోవచ్చు.

మొదటి ప్రయత్నం: మనుషులు ఎక్కి బరువు చూసుకునే కాటాల్లో ఉండే 50 కిలోల సెల్స్ నాలుగు, వాటి సంకేతాన్ని అంకెగా మార్చే హెచ్‌ఎక్స్ 711 బోర్డు, ఆ అంకెలు రాసుకునే ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. బల్ల మీద బాగానే పనిచేసింది. కొట్టంలో పెడితే, ఎవరూ ముట్టుకోని తొట్టి బరువు రాత్రికి రాత్రి అర కిలో దాకా పెరిగింది. బరువు ఆ సెల్స్ మీద ఎప్పుడూ ఉంటే అంకె మెల్లగా జరుగుతూ పోతుంది. మనిషి ఎక్కి దిగే కాటాకి అది పట్టింపు కాదు, రోజంతా మేత మోసే తొట్టికి కుదరదు. పైగా కర్రి తొట్టిలోకి గడ్డం ఆనించి నొక్కితే ఒక సెల్ వంగిపోయింది.

రెండో ప్రయత్నం: తొట్టికి ఒకటి చొప్పున 100 కిలోల సింగిల్ పాయింట్ లోడ్ సెల్, పైన 45 సెంటీమీటర్ల ఇనుప పలక. పలక నాలుగు మూలల కింద బోల్టులు, పలకకీ బోల్టు తలకీ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ. ఆవు గట్టిగా నొక్కినా, కాలు పెట్టినా బరువు బోల్టుల మీద ఆగుతుంది, సెల్ బతుకుతుంది. మీరు చేసేటప్పుడు ఈ బోల్టులు మాత్రం మానకండి.

తూకం సరిచూడటానికి:

1. 20 లీటర్ల నీళ్ళ క్యాను ఖాళీగా తూచుకోండి.
2. లీటరు కొలతతో 20 లీటర్లు నింపండి. నీళ్ళ బరువు 20 కిలోలు, దానికి క్యాను బరువు కలపండి.
3. తొట్టి మధ్యలో, నాలుగు అంచుల దగ్గర పెట్టి చూడండి. అంచుకీ మధ్యకీ 100 గ్రాములు మించి తేడా ఉంటే పలక వంకరగా ఉన్నట్టు.
4. వారానికొకసారి మళ్ళీ ఇదే చేయండి.

కొట్టంలో పెట్టాక వచ్చిన తిప్పలు ఇవి. మధ్యాహ్నం రేకు వేడికి ఖాళీ తొట్టి సున్నా 180 గ్రాములు జరిగింది. మేత వేసే ప్రతిసారీ ముందు ఖాళీ బరువు రాసేలా ప్రోగ్రాం మార్చాను, బోర్డుని నీడకి జరిపాను. ఎలుకలు వైరు కొరికాయి, పీవీసీ గొట్టంలో వేశాను. కొట్టం కడిగిన నీళ్ళు చిమ్మి ఒక బోర్డు తుప్పు పట్టింది. ఇప్పుడు బోర్డులన్నీ మూత బిగించిన డబ్బాలో, లోపల సిలికా జెల్ పొట్లాలు. కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకు.

ఆవు తల తొట్టిలో ఉన్నంతసేపు అంకె ఎగిరెగిరి పడుతుంది. దాన్ని సగటు తీసి సరిచేద్దామనే ఆశ వదులుకున్నా. అర నిమిషం పాటు వచ్చిన అంకెల మధ్య తేడా 50 గ్రాముల లోపు ఉంటేనే "తొట్టి కుదురుగా నిలిచింది" అని రాసుకుంటుంది. తినడం మొదలుకి ముందు నిలిచిన బరువు, తిన్నాక నిలిచిన బరువు, ఈ రెంటి తేడానే ఆ పూట తిన్నది. వేలాడే కాటాతో పోల్చితే కర్రి రోజు మొత్తంలో తేడా 300 గ్రాములు. నా పనికి సరిపోతుంది.

సంక్రాంతి వారం మొత్తం లెక్కలోంచి తీసేశాను. కనుమ నాడు అక్క నాలుగు ఆవులకీ పొంగలి, బెల్లం, అరటిపళ్ళు పెట్టింది. తూచి పెట్టమని అడిగే ధైర్యం నాకు లేదు.

వేలాడే కాటా 1,450, పనికిరాని సెల్స్ 600, సింగిల్ పాయింట్ సెల్స్ 5,200, హెచ్‌ఎక్స్ 711 బోర్డులు 400, ఈఎస్‌పీ 32 ఒకటి 550, డబ్బా, వైర్లు, మెమరీ కార్డు 1,350. ఇప్పటివరకు ఖర్చు: రూ. 19,280.

దశ 4: తేమ

ఈ దశ చదివి మిగతావి వదిలేసినా నాకు అభ్యంతరం లేదు. 20 కిలోల పచ్చి నేపియర్, 5 కిలోల వరిగడ్డి పక్కపక్కన పెడితే నేపియర్ కుప్ప కొండలా కనబడుతుంది. నీళ్ళు తీసేస్తే నేపియర్‌లో మిగిలేది 3.4 కిలోలు, గడ్డిలో 4.5 కిలోలు. ఆవు పోషణ లెక్కంతా ఈ ఎండు పదార్థం మీదే నడుస్తుంది. నీళ్ళు అది బకెట్లో కూడా తాగుతుంది.

ల్యాబ్‌లో అయితే 100 నుంచి 105 డిగ్రీల ఓవెన్లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచుతాం. ఇక్కడ సెకండ్ హ్యాండ్ మైక్రోవేవ్ కొన్నా. ఇంట్లోది వాడబోతే అక్క ఊరుకోలేదు: "ఆ పెట్టెలో గడ్డి ఏందిరా, మళ్ళీ దాంట్లోనే అన్నం వేడి చేసుకోవాల్నా!" ఆమె మాట సబబే. కాలిన గడ్డి వాసన వారం పోదు.

1. కుప్పలో ఐదారు చోట్ల నుంచి పిడికెడు చొప్పున తీసి కలిపి, 100 గ్రాములు తూచాలి. ఒక గ్రాము దాకా చూపే వంటింటి కాటా కావాలి.
2. కాగితం ప్లేటులో పల్చగా పరిచి, పక్కన సగం గ్లాసు నీళ్ళు పెట్టాలి. నీళ్ళు లేకపోతే చివర్లో గడ్డి అంటుకుంటుంది.
3. పచ్చిమేత అయితే నాలుగు నిమిషాలు, ఎండుగడ్డి అయితే రెండు. తీసి తూచాలి.
4. తరువాత నిమిషం చొప్పున పెట్టి తూస్తూ పోవాలి. రెండు తూకాల మధ్య తేడా గ్రాము లోపుకి వస్తే ఆపాలి.
5. మిగిలిన గ్రాములే ఎండు పదార్థం శాతం.
6. పొగ వస్తే ఆ నమూనా పారేయాలి. కాలింది తేమ కాదు, మేతే.

మా దగ్గర వచ్చినవి: నేపియర్ 17 శాతం, వాన పడ్డ మర్నాడు కోస్తే 13. వామి లోపలి వరిగడ్డి 90, వాన తడిసిన పైపొర 82. దాణా 89.

మిగులు విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. తొట్టిలో మిగిలిన గడ్డిని కూడా 90 శాతం ఎండుదనే లెక్కేస్తారు. అది ఆవు నోట్లోంచి, ముక్కు కిందనుంచి వచ్చిన గడ్డి. చొంగతో నానిపోయి ఉంటుంది. మా మిగులు ఆరబెడితే 60 శాతమే. కర్రి మిగులు 2.3 కిలోలు. 90 శాతం అనుకుంటే ఎండు పదార్థం 2.07 కిలోలు, నిజానికి 1.38. ఈ ఒక్క పొరపాటుతోనే ఆవు తిన్న లెక్క రోజుకి 700 గ్రాములు తగ్గిపోతుంది.

ఫిబ్రవరిలో కర్రి ఒక రోజు లెక్క:

నేపియర్ 20 కిలోలు, ఎండు 3.40
వరిగడ్డి 5 కిలోలు, ఎండు 4.50
దాణా 5 కిలోలు, ఎండు 4.45
వేసింది మొత్తం 12.35
మిగులు 1.38
తిన్నది 10.97 కిలోలు, ఒంటి బరువులో 2.5 శాతం

మైక్రోవేవ్ 2,500, చిన్న కాటా 450. ఇప్పటివరకు ఖర్చు: రూ. 22,230.

దశ 5: లెక్క ఎక్కువ చెబుతోంది, ఆవు తక్కువ తింటోంది

అమెరికా వాళ్ళ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ (ఎన్‌ఆర్‌సీ) 2001 పుస్తకంలో పాడి ఆవు ఎంత తింటుందో ముందే అంచనా వేసే సూత్రం ఉంది. పాలు, వెన్న, ఒంటి బరువు, ఈనిన వారాలు దాంట్లోకి పోతాయి. కర్రి పాలు రోజుకి 10 లీటర్లు, వెన్న 3.8 శాతం, ఈని 12 వారాలు. 4 శాతం వెన్నకి సరిచేస్తే పాలు 9.99 కిలోలు. సూత్రం చెప్పిన మేత 12.24 కిలోలు. కర్రి తిన్నది 10.97. అంటే 1.27 కిలోలు తక్కువ.

ఇలాంటి చోట సూత్రం తప్పని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు, ఆవుకి జబ్బని మందులు తెచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండూ తొందరపాటే. ఆ సూత్రం కట్టింది మొక్కజొన్న సైలేజీ (పాతరేసిన పచ్చిమేత), మంచి అల్ఫాల్ఫా (లూసర్న్ మేత) తినే హోల్‌స్టీన్ ఆవుల మీద. మన దగ్గర దాణా పోను మిగతా మేతలో దాదాపు సగం వరిగడ్డి.

1964లో ఒహాయోలో కాన్రాడ్, ఆయన సహచరులు చూపించిన విషయం ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. మేత అరుగుదల సుమారు 66 శాతం లోపు ఉన్నంతవరకు ఆవు తినేది కడుపులో చోటు ఎంత ఉందన్న దాన్ని బట్టి. ఆ పైన అయితే ఒంటికి శక్తి ఎంత కావాలన్న దాన్ని బట్టి. తరువాతి రోజుల్లో మిషిగన్‌లో అలెన్ బృందం కాలేయంలో ప్రొపియోనేట్ (మేత కడుపులో పులిసినప్పుడు వచ్చే ఒక ఆమ్లం) ఖర్చయ్యే తీరు కూడా ఆకలిని ఆపుతుందని చెప్పింది. గింజలు దండిగా తినే ఆవులకి అది ముఖ్యం. వరిగడ్డి తినే మన ఆవు అంతదాకా పోదు, దాని కడుపు ముందే నిండిపోతుంది.

దీన్ని అంకెల్లో పట్టుకోవడానికి వాన్ సోస్ట్ పద్ధతిలో కొలిచే పీచు, ఎన్‌డీఎఫ్, ఉంది. మెర్టెన్స్ లెక్క ప్రకారం పాడి ఆవు రోజుకి ఒంటి బరువులో 1.2 శాతం దాకా ఎన్‌డీఎఫ్ తింటే అనుకూలం. కర్రికి అది 5.2 కిలోలు. గడ్డికి 70, నేపియర్‌కి 68, దాణాకి 28 శాతం అని పుస్తకాల్లోని అంకెలు తీసుకుంటే కర్రి అప్పటికే 5.7 కిలోలు తింటోంది, అంటే 1.33 శాతం. దానికి తినాలని లేక కాదు, కడుపులో చోటు లేదు. అలాంటి ఆవుకి ఇంకో గంప గడ్డి వేస్తే అది మిగులులోకి పోతుంది, అంతే. గడ్డినే మార్చాలి.

దశ 6: గడ్డికి యూరియా

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం. యూరియాతో మాగబెడితే పీచు కట్టు వదులై త్వరగా అరుగుతుంది, మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి.

1. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళు. యూరియా పూర్తిగా కరగాలి.
2. పట్టా మీద గడ్డి పొరగా పరిచి, పూల మొక్కలకి నీళ్ళు పోసే క్యానుతో సమంగా చల్లి, తొక్కి, పైన ఇంకో పొర.
3. గాలి పోకుండా కప్పి 21 రోజులు ఉంచాలి.
4. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి, అమ్మోనియా ఘాటు తగ్గాక వేయాలి.
5. ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్ ఏ పశువుకీ అందే చోట ఉండకూడదు. తాగితే ప్రాణం మీదకి వస్తుంది.

మొదటి వామికి కప్పిన పట్టా కాకులు పొడిచి చిల్లులు పెట్టాయి. పై జానెడు బూజు పట్టింది, పారేశాం. అడుగున బాగుంది. రెండోసారి మందపాటి టార్పాలిన్, అంచుల మీద చుట్టూ ఇసుక బస్తాలు, పైన పాత చేపల వల. బూజు లేదు. యంత్రం కోసిన గడ్డి అయితే మట్టి అంటిన కట్టలు ముందే పక్కన పెట్టండి, బూజు మొదలయ్యేది అక్కడే.

మాగిన గడ్డి వేసిన మూడో రోజు బావ సంబరంగా చెప్పాడు: "గంప గంపంతా లాగించేసినాయి బావా, మిగులే లేదు!" నిజమే, మిగులు లేదు. అయితే ఆ గంపలో ఉన్నదేంటి? గడ్డిలో నీళ్ళు కలిశాయి కదా, మైక్రోవేవ్ చెప్పిన ఎండు పదార్థం 60 శాతం. పాత గంప 5 కిలోల్లో 4.5 కిలోల ఎండు మేత ఉండేది, కొత్త 5 కిలోల్లో 3 కిలోలే. ఆవు పూర్తిగా తిన్నా పాతదాని కంటే పిసరు తక్కువే తిన్నది, పాతప్పుడు మిగులు పోను 3.1 తినేది. కంటికి కనబడే గంప చూసి యూరియా గడ్డి అద్భుతం అని పొగిడినవాళ్ళనీ, పాలు పెరగలేదని తిట్టినవాళ్ళనీ నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. రెండు రకాలవాళ్ళూ గంపనే చూశారు.

గడ్డి 8 కిలోలకి పెంచాం. ఎప్పుడూ మిగులు 5 నుంచి 10 శాతం ఉండేలా వేయాలి. తొట్టి నాకి వదిలిన రోజు ఆవు ఇంకా ఎంత తినేదో మనకి తెలియదు, ఆ రోజు కొలత ఆవుది కాదు, వేసినవాడిది.

పోల్చడానికి ఆవుల్ని రెండు జతలు చేశాం. కర్రి, బోడికి ముందు యూరియా గడ్డి, పుల్ల, చుక్కకి మామూలు గడ్డి. 14 రోజులు అలవాటుకి, 7 రోజులు కొలతకి. ఆ తరువాత తారుమారు. పరిశోధన కేంద్రాల్లో నాలుగు ఆవులుంటే నాలుగు రకాల మేతలతో లాటిన్ స్క్వేర్ వేసేవాళ్ళం, అంటే ప్రతి ఆవుకీ నాలుగు మేతలూ వంతులవారీగా. పాలమ్మి బతికే కొట్టంలో అంత ఆట ఆడలేం.

వరిగడ్డి నుంచి తిన్న ఎండు పదార్థం, రోజుకి, మామూలుది ముందు, యూరియాది తరువాత:

కర్రి 3.1, 4.3
చుక్క 2.9, 3.8
పుల్ల 2.4, 3.0
బోడి 2.2, 2.3
నాలుగింటికీ కలిపి 10.6, 13.4

కర్రి మొత్తం మేత 12.15 కిలోలకి వచ్చింది. సూత్రం చెప్పిన 12.24కి దాదాపు అందుకున్నట్టే. సూత్రం నిజమైందని దీనికి అర్థం కాదు, ఒక్క ఆవుతో అలా చెప్పలేం. బోడికి ఘాటు నచ్చలేదు. గంట కాదు, రాత్రంతా ఆరబెట్టినది వేస్తే కాస్త నయం.

పాలు కర్రికి అర లీటరు దాకా పెరిగాయి, పుల్లకి మారలేదు. పాల కేంద్రం చీటీల్లో వెన్న కూడా పెద్దగా కదల్లేదు. నాలుగు ఆవులతో పాల మీద తీర్పు చెప్పను. మేత మీద చెబుతాను, ఎందుకంటే అది ప్రతి రోజూ తూచాను.

యూరియా బస్తా 270, టార్పాలిన్ 1,600. ఇప్పటివరకు ఖర్చు: రూ. 24,100.

దశ 7: మే నెల

ఆవులు తినే తూకం పడిపోయింది. కర్రి 12.1 నుంచి 10.4కి దిగింది. మేత అదే, మనుషులు వాళ్ళే.

ఎండ, గాలిలో తేమ కలిపి లెక్కగట్టే టీహెచ్‌ఐ అనే సూచిక ఉంది. 72 దాటితే పాడి ఆవుకి ఇబ్బంది మొదలని పాత లెక్క, పాలెక్కువ ఇచ్చే ఆవులకి 68 నుంచే అని తరువాతి లెక్క. కొట్టంలో మధ్యాహ్నం 38 డిగ్రీలు, తేమ 50 శాతం: సూచిక 88.7. ఇది ఊహించిందే. రాత్రి తీసిన కొలతే నన్ను ఆపేసింది. 29 డిగ్రీలు, తేమ 80 శాతం: 81.3. సముద్రం దగ్గర ఊళ్ళలో రాత్రి చల్లబడ్డట్టు మనకి అనిపిస్తుంది గానీ ఆవుకి అనిపించదు. పగలు ఒంట్లో చేరిన వేడి దించుకునే వేళ దానికి దొరకడం లేదు.

లోడ్ సెల్స్ పెట్టినందుకు ఫలం దక్కింది ఇక్కడే. జనవరిలో కర్రి పొద్దున, సాయంత్రం సమంగా తినేది. మేలో పది గంటల నుంచి సాయంత్రం దాకా తొట్టి బరువు దాదాపు కదల్లేదు. తిన్నదంతా రాత్రి ఎనిమిది తరువాత, తెల్లవారుజామున. ఇంటివాళ్ళు మాత్రం పాత వేళకే, తొమ్మిదింటికి, పెద్ద వాటా వేస్తున్నారు. అది ఎండకి వాడి, నేపియర్ వేడెక్కి పులిసిన వాసన వచ్చి, రాత్రికి ఆవు మూతి పెట్టే స్థితిలో ఉండదు.

1. పెద్ద వాటా రాత్రి ఎనిమిదికి మార్చాం, సుమారు 60 శాతం. తెల్లవారుజామున నాలుగింటికి ఇంకో పాతిక. పగలు మిగతా కొంచెం.
2. నేపియర్ సాయంత్రం కోసి అదే రోజు వేయడం. కుప్ప పోసి ఉంచకూడదు.
3. రెండు ఫ్యాన్లు, ఆవు వీపు తడిసేలా పైపు షవర్లు. కాసేపు తడపడం, తరువాత ఫ్యాన్ గాలికి ఆరనివ్వడం. పొగమంచులా చిమ్మేవి ఇక్కడ వద్దు. గాలిలో తేమ పెరగడం తప్ప ఆవు ఒంటి మీదకి ఏమీ చేరదు.
4. నీళ్ళు రోజంతా అందేలా. కిలో ఎండు మేతకి మూడు, నాలుగు లీటర్లు మామూలు రోజుల్లోనే కావాలి. నల్లతొట్టి ఎండలో ఉంటే నీళ్ళు కాగిపోతాయి, దానికి తాటాకు పందిరి వేశాం.

తరువాతి వారానికి కర్రి 11.2. పాత 12.1 స్థాయికి రాలేదు, రాదు కూడా. ఏ మార్పు వల్ల ఎంత వచ్చిందో విడదీయలేను, అన్నీ ఒకేసారి చేశాం. అలా చేయకూడదని విద్యార్థులకి చెప్పినవాణ్ణే. కానీ ఆ ఎండలో రొప్పుతున్న ఆవుని పోలిక కోసం ఏ మార్పూ చేయకుండా, కంట్రోల్‌గా నిలబెట్టమంటే అది నావల్ల కాలేదు.

ఫ్యాన్లు 5,600, పైపులు, షవర్లు 1,900. ఇప్పటివరకు ఖర్చు: రూ. 31,600.

ఇప్పుడున్న పరిస్థితి

చుక్క తొట్టి లోడ్ సెల్ పోయింది, పిడుగు పడ్డ రాత్రి. దానికి మళ్ళీ వేలాడే కాటానే, తేడా ఏమీ కనబడటం లేదు. బోడి చూడిది. దాన్ని కొలతలోంచి తీసేశాం, దాని తొట్టి ఖాళీగా ఉంది. ఎడగారు (రెండో పంట) వరి కోతయ్యాక కొత్త గడ్డి తేమ, మాగబెట్టిన గడ్డి తేమ మళ్ళీ మొదటి నుంచి కొలవాలి, పాత 60 శాతం దానికి వాడకూడదు. కోసిన మడిలో బావ పిల్లిపెసర అనే పచ్చిమేత పైరు చల్లుతానంటున్నాడు. అది మొదలైతే నేపియర్ సగం తగ్గించి తూస్తాం. ఈలోగా ఎదురింటి గేదెల్ని కూడా తూచమని అడుగుతున్నారు. గేదె తలకి ఈ డ్రమ్ము తొట్టి ఇరుకు, కొమ్ములు అంచుకి తగులుతాయి. వాటికి వెడల్పు తొట్టి, 200 కిలోల సెల్ కావాలి. చట్రం కొలతలు బుచ్చి వెల్డింగ్ షాపులో ఇచ్చి వచ్చాను.